ఎర్ర దారం కట్టిన గ్లాసులు

కోపంతో వచ్చిన మనిషి తలుపు తట్టదు, బాదుతుంది. ఆ ఉదయం డిటెక్టివ్ గారింటి తలుపు అలాగే దద్దరిల్లింది. డిటెక్టివ్ అంటే మీసం మెలేసిన మగాడేం కాదు, జుట్టు సగం నెరిసిన ఆడమనిషి. ఆమెకు సహాయంగా ఉండేది సొంత చెల్లెలు. అక్క నోట వచ్చింది ఆ చెల్లెలికి వేదవాక్కు. ఆ సంగతి అక్క ముందు మాత్రం చచ్చినా ఒప్పుకోదు.

తలుపు తీసింది చెల్లెలే. వచ్చినావిడ ముప్పై దాటని మనిషి. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు. కాలిఫోర్నియా నుంచి వైన్లు తెప్పించి అమ్మే దుకాణంలో రుచి చూసి, ఏ సీసాలో ఏ గుణముందో మాటల్లో చెప్పడం తన ఉద్యోగమని, నిన్నటితో అది ఊడిందని నిలబడే చెప్పింది.

"ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటానండీ. ముక్కు చచ్చిందని పేరొచ్చాక నన్నెవరు పెట్టుకుంటారు?"

జరిగింది ఇదీ. నిన్న కొత్త సరుకు రుచి చూసే రోజు. తెల్లవైను రెండు రకాలు, ఎర్రది రెండు రకాలు. యజమాని తెర వెనక తన చేత్తోనే పోసి తెచ్చి పెడతాడు. అక్కడ ఎవరి గ్లాసులు వాళ్ళవే. ఈమె గ్లాసుల కాడలకు ఎర్ర దారం, ఈమెకు పని నేర్పిన మాస్టారి గ్లాసులకు నీలం దారం. మొదటి గ్లాసులో ముక్కు పెట్టగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. మిగతా మూడూ అంతే. కొనడానికి వచ్చిన వ్యాపారుల ముందే ఆ మాట పైకి అనేసింది. మాస్టారు వెంటనే ఆమె గ్లాసు అందుకుని వాసన చూసి, శుభ్రంగా ఉంది కదమ్మా అని, ఇంకొకరు చూసేలోపే నాలుగూ, రుచి చూసిన గుక్క ఉమ్మే తొట్టిలో వంపేశారు. అవే సీసాల్లోది మిగతావాళ్ళకు అమృతంలా ఉంది. అందరూ పగలబడి నవ్వారు. యజమాని అప్పటికప్పుడే ఆమెను బయటకు నడవమన్నాడు.

కలరా ఉండల పేరు వినగానే చెల్లెలికి ముక్కు దురద పుట్టింది. బట్టల పెట్టె తెరిచినప్పుడల్లా ఆ ఉండల ఘాటుకు ఆమెకు ఇల్లెగిరిపోయే తుమ్ములు.

"వంపింది మాస్టారా?" అంది డిటెక్టివ్.

"ఆయన్నేమీ అనకండి. నాకు అన్నం పెట్టిన విద్య ఆయనదే."

అక్కచెల్లెళ్ళిద్దరూ దుకాణానికి వెళ్ళేసరికి యజమాని ఇంకా బుసలు కొడుతూనే ఉన్నాడు. పరువు మంటగలిసిందన్నాడు. సెంటు, పౌడరు, వాసన సబ్బు గడప దాటనివ్వని చోట కలరా ఉండలెలా వస్తాయని అరిచాడు.

"మీరు పోసేటప్పుడు వాసన రాలేదా?" అంది డిటెక్టివ్.

"గ్లాసులో ముక్కు దూర్చి పోస్తారా ఎవరైనా?"

"ముందురోజు గ్లాసులు ఎక్కడున్నాయి?"

"కడిగి ఆ చట్రానికి బోర్లా వేలాడదీస్తాం. గది తాళంచెవులు నాకూ, రుచి చూసే ఆ ఇద్దరికీ ఉన్నాయి."

"ఈమధ్య వాళ్ళకు కొత్తగా ఏమన్నా చెప్పారా?"

"వచ్చే నెల నుంచి వేరువేరు గదుల్లో కూర్చుని చెప్పమన్నాను. ఇద్దరూ ఒకే పాట పాడుతుంటే ఇద్దరెందుకు నాకు?"

మాస్టారి గది అద్దంలా తుడిచి ఉంది. ఆయనా అంత శుభ్రమైన మనిషే. కోటు గుండీలన్నీ పెట్టుకుని, వచ్చినవాళ్ళకు కుర్చీలు తనే లాగి వేశారు. చెల్లెలు కూర్చుందో లేదో తుమ్ములు మొదలు. జలుబు చేసిందా తల్లీ అని ఆయన జాలిపడి, కోటు జేబులోంచి చేతిరుమాలు తీసి ఇచ్చారు. దాంతో తుమ్ములు రెట్టింపయ్యాయి. ఉద్యోగం పోయిన అమ్మాయి సంగతి అడిగితే, ఆ పిల్ల బంగారమన్నారు. పెద్దవాళ్ళు ముందు మాట్లాడితే చిన్నవాళ్ళకు నోరు పెగలదని, ఎప్పుడూ తనతోనే ముందు చెప్పించేవాణ్ణని అన్నారు.

"మనిషి దేవుడే గానీ అక్కా, గదంతా దుమ్ము," అంది చెల్లెలు బయటికొచ్చాక.

"దుమ్మెక్కడుందే నీ మొహం," అంది అక్క. ఆమె దవడ బిగిసింది. ఎవరిమీదో కోపం ముదిరిందని చెల్లెలికి అర్థమైంది.

మర్నాడు అమ్మాయితో సహా అందరినీ రుచి చూసే గదిలో కూర్చోబెట్టింది డిటెక్టివ్. యజమాని చేత ఎర్రవైను పోయించి, నీలం దారం గ్లాసు మాస్టారి ముందు పెట్టింది. ముందు అమ్మాయిని చెప్పనీండి అన్నారాయన.

"ఇవాళ మీరే చెప్పాలి."

ఆయన గ్లాసు తిప్పి, వాసన చూసి, గుక్క పుక్కిలించి ఉమ్మారు. "ఎండ బాగా తాగిన ద్రాక్ష. మగ్గిన నేరేడుపండు, చివర మిరియం, అడుగున కొత్త ఓక్ పీపా చెక్క. వగరు మెత్తగా ఉంది. జిన్‌ఫాండెల్ రకం ద్రాక్షది."

"ఇప్పుడు మీరు చూడండి," అంటూ ఆ గ్లాసు యజమానికి అందించింది.

యజమాని ముక్కు పెట్టి తేలు కుట్టినట్టు వెనక్కి జరిగాడు. "కలరా ఉండలు!"

"నిన్న సాయంత్రం మీరే ఇచ్చిన గ్లాసు. మా చెల్లెలి బట్టల పెట్టెలో, ఉండల మీద బోర్లించి ఉంచాం. మాస్టారు చదివింది మీ సరుకు పెట్టెల మీద అచ్చేసిన మాటలు. ఆయనకు ముక్కు పనిచేయడం మానేసి చాలాకాలమైంది. అందుకే అమ్మాయి ముందు చెప్పాలి, ఆయన దానికి నగలు పెట్టి మళ్ళీ చెప్పాలి. వేరే గదిలో కూర్చోబెడితే గుట్టు రట్టవుతుంది. అమ్మాయే లేకపోతే ఆయన మాటకు ఎదురు లేదు. ఎర్ర దారం గ్లాసుల్ని ఉండల మీద బోర్లించి, తెల్లారేసరికి చట్రానికి తగిలించాడు. ఉండలు వేసుకున్నది ఆ కోటు జేబులోనే. వాసన తెలిసినవాడైతే ఆ కోటు ఎప్పుడో విడిచేసేవాడు. మా చెల్లెలు తుమ్మి చస్తుంటే ఈయన జలుబనుకున్నాడు. జేబు బయటికి తియ్యండి మాస్టారూ."

జేబు తిరగేస్తే తెల్లటి పొడి రాలింది. చెల్లెలు తుమ్మింది.

మాస్టారు తల వంచుకున్నారు. జ్వరం వచ్చి తగ్గాక అలా అయిందని, ఈ వయసులో ఇంకే పనీ చేతకాదని గొణిగారు.

అమ్మాయి లేచింది. అరుస్తుందనుకున్నారు. గొంతు పెంచలేదు, దానికే అందరికీ భయమేసింది.

"మీ ముక్కు పోయిందని, జ్వరం తగ్గి మీరు వచ్చిన మొదటి వారమే నాకు తెలుసు మాస్టారూ. మీకు వినపడాలనే ప్రతి మాటా గట్టిగా, నిదానంగా చెప్పేదాన్ని. మీ పరువు నా నోట్లో దాచాను. మీరు నా పరువు ఉమ్మితొట్టిలో పోశారు."

యజమాని తప్పయిందని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇవాళే పనిలోకి రమ్మన్నాడు, ఆ వ్యాపారులకు తనే చెబుతానన్నాడు. కొత్త గ్లాసులు కడిగించి, ఇంకో సీసా విప్పి తెల్లవైను పోశాడు. ఆమెకొకటి, చెయ్యి అలవాటుకొద్దీ మాస్టారికొకటి.

ఆమె వాసన చూసింది. కళ్ళు అరమూతలు పడ్డాయి. వెన్న, మగ్గిన బేరిపండు, ఏదో తెలిసింది, పెదవులు కదిలాయి. అప్పుడు బల్లకు అవతల మాస్టారు మెడ ముందుకు చాచి, చెవి ఇటు వంచడం కనబడింది. పాపం, ఇంత జరిగినా ఆయనకు ఆ అలవాటు పోలేదు.

ఆమె నోరు మూసుకుంది. ఆ గుక్క ఉమ్మలేదు, మింగేసింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు యజమాని.

"ముందు మాస్టారిని చెప్పమనండి," అంది.