పాడింటి గోడ పక్క కారులో లైటు

ఆ సందు చివర ఒక పాడిల్లు ఉంది. సందంతా కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడ్డా సరే, ఆ ఇంటి గోడ వారగా మాత్రం ఒక బండి పట్టేంత జాగా ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. రాత్రిపూట అక్కడ బండి పెడితే తెల్లారేసరికి దానికి ప్రాణం ఉండదని చెబుతారు. నేను చూడలేదు. విన్నది విన్నట్టు చెబుతున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం.

పూర్వం ఆ ఇంట్లో ఒక ముసలాయన ఒంటరిగా ఉండేవాడట. ఆఖరి రోజుల్లో మంచం దిగలేక, పిలిస్తే పలికే దిక్కు లేక, ఆకలితోనే పోయాడట. ఆ తర్వాత ఇంటికి తాళం పడింది… ఆకలి మాత్రం బయటే ఉండిపోయిందంటారు.

ఇవన్నీ తెలిసే ఆ గోడ పక్కన కారు పెట్టింది వార్తలావిడ. సందులో అందరూ ఆవిడని అలాగే పిలుస్తారు. రేడియోలో పొద్దున్నే మొట్టమొదటి వార్తలు చదివేది ఆవిడే. జనం ఇంకా దుప్పట్లో ఉండగానే ఆవిడ స్టూడియోలో మైకు ముందు ఉండాలి. వాళ్ల బిల్డింగులో కారు పెట్టుకునే చోటు లేదు, ఆ వేళకి బస్సులు లేవు. దెయ్యానికి భయపడితే ఉద్యోగం ఎవరు చేస్తారు? సాయంత్రం కారు తెచ్చి గోడ వారగా ఆపేది, తెల్లటి కవరు కప్పేది, ఇంటికొచ్చి తిని, పెందలాడే పడుకునేది.

కొన్నాళ్లు బాగానే గడిచింది. తర్వాత ఒకరోజు చీకటితోనే లేచి వెళ్లి తాళం తిప్పితే, టిక్కుమని ఒక చప్పుడు వచ్చింది… అంతే. ఇంజను ఉలకలేదు, పలకలేదు. లోపల నెత్తిమీది చిన్న లైటు మాత్రం కొనప్రాణంతో ఎర్రగా మినుకుమంటోంది.

ఆ రోజు వార్తలు ఇంకెవరో చదివారు.

"రాత్రి లైటు ఆర్పడం మర్చిపోయి ఉంటావు," అన్నారు మాస్టారు. మాస్టారంటే ఆవిడ భర్త, హైస్కూల్లో లెక్కలు చెబుతారు. తప్పు ఎక్కడుందో చెప్పడం ఆయనకి వృత్తి, తప్పు తనది కాదని చెప్పడం అలవాటు.

"లేదండీ, ఆర్పాను. నాకు బాగా గుర్తు."

"గుర్తుంటే బ్యాటరీ ఎందుకు చచ్చింది?"

 ఆవిడ వెళ్లి బ్యాటరీకి ఛార్జింగు పెట్టించింది.

వారం తిరక్కుండా మళ్లీ అదే టిక్కు, అదే ఎర్రటి మినుకు. మెకానిక్ వచ్చి వైర్లు తగిలించి బండికి ప్రాణం పోశాడు. "పాత బండి కదమ్మా, లైటు దానంతటది ఆరదు. ఈ మీట ఇటుంటే ఎప్పుడూ వెలుగుతుంది, మధ్యలో ఉంటే తలుపు తీసినప్పుడే వెలుగుతుంది, అటుంటే అసలు వెలగదు. అటు నెట్టి పెట్టండి, గొడవ వదిలిపోతుంది," అన్నాడు. వెళ్తూ వెళ్తూ కిందికి చూశాడు. "చీమలు పట్టాయే, లోపల ఏమైనా తిన్నారా?"

ఆవిడ వంగి చూసింది. పక్క సీటు కిందనుంచి సన్నటి చీమల బారు తలుపు సందులోకి పోతోంది. కారులో ఏదైనా తిన్నట్టు ఆవిడకి గుర్తులేదు. కానీ గుర్తులేకపోవడం అనే మాటకే ఈమధ్య ఆవిడకి గుండెలో కలుక్కుమంటోంది.

ఎందుకంటే, వాళ్లమ్మకి కూడా ఈ వయసులోనే మొదలైంది. ముందు స్టవ్వు ఆర్పడం మర్చిపోయింది. తర్వాత ఇంటిదారి మర్చిపోయింది. చివరికి కూతురి ముఖం చూసి, "ఎవరమ్మా నువ్వు, ఎవరికోసం వచ్చావు?" అని మర్యాదగా అడిగింది. ఆ మర్యాదని ఈవిడ ఇప్పటికీ తట్టుకోలేదు.

ఆ రాత్రి మీటని అటు చివరికంటా నెట్టింది. నెట్టి, వార్త చదివినట్టు పైకి చెప్పుకుంది: "లైటు ఆర్పాను." కవరు కప్పి, చుట్టూ తిరిగి మరీ చూసింది. అంతా చీకటి. నిశ్చింతగా ఇంటికొచ్చి పడుకుంది.

మర్నాడు తెల్లవారుజామున కవరు తీస్తే… తాళం వేసినట్టే ఉంది. అద్దాలు మూసినట్టే ఉన్నాయి. నెత్తిమీద లైటు వెలుగుతోంది! మీట ఇటు చివర ఉంది.

ఆవిడకి ఏడుపొచ్చింది. కాలితో టైరుని ఒక్క తన్ను తన్నింది. వేలు వాచింది తప్ప బండి కదల్లేదు.

ఆ రోజు స్టేషన్లో ఇన్‌ఛార్జి గట్టిగానే చెప్పాడు. "మరొక్కసారి ఇలా అయితే మిమ్మల్ని మధ్యాహ్నం వాతావరణ వార్తలకి మారుస్తానండీ. ఏమీ అనుకోకండి."

ఇంట్లో మాస్టారు ఒక కాయితం మీద పెద్ద అక్షరాలతో 'లైటు ఆర్పావా?' అని రాసి స్టీరింగుకి అంటించారు. ఆ ప్రశ్నార్థకం చూసినప్పుడల్లా ఆవిడకి ఒళ్లు మండేది. ఆయన అంతటితో ఆగలేదు. "ఊరికే భయపడేకన్నా ఒకసారి చూపించుకుంటే మంచిది కదా," అని మతిమరుపులు చూసే డాక్టరు దగ్గరికి స్వయంగా తీసుకెళ్లారు. డాక్టరు కొన్ని మాటలు చెప్పి తిరిగి చెప్పమన్నాడు, గడియారం బొమ్మ గీయమన్నాడు. యాభై ఏళ్ల మనిషి, దేశం వార్తలన్నీ తడబడకుండా చదివే మనిషి, బడిపిల్లలా గడియారం ముళ్లు గీసింది. ఆవిడ హ్యాండుబ్యాగు ఒళ్లో పెట్టుకుని మాస్టారు పక్కనే కూచున్నారు.

"లైటొక్కటే కాదండీ," అన్నారు జాలిగా. "కారు రెండో తాళం కూడా ఎక్కడో పెట్టి మర్చిపోయింది."

"ఇప్పుడే ఏమీ చెప్పలేం. కొన్నాళ్లు గమనిద్దాం," అన్నాడు డాక్టరు.

గమనించడం అంటే ఏమిటో ఆవిడకి తెలుసు. వాళ్లమ్మని కూడా అలాగే గమనించారు.

ఇంటికి వస్తూనే మెకానిక్‌కి ఫోను చేసింది. "ఆ బల్బు పీకి అవతల పారెయ్యి బాబూ. మీటా వద్దు, పాడూ వద్దు." అతను వచ్చి పీకేశాడు. బల్బే లేకపోతే ఇంక ఏది వెలుగుతుంది?

రెండు రాత్రులు సుఖంగా గడిచాయి. మూడోనాడు వెళ్లి కవరు తొలగిస్తే, లోపల వెలుతురు!

నెత్తిమీద కాదు. పక్క సీటు ముందు, ఎండ పడకుండా కిందికి దించుకునే పలక ఉంటుంది చూడండి, దాని వెనక ముఖం చూసుకునే అద్దం, అద్దం మీద మూత, మూత తెరిస్తే వెలిగే బుల్లి లైటు. ఆ పలక దించి ఉంది. మూత తెరిచి ఉంది. ఎవరో ఆ సీట్లో కూచుని ముఖం చూసుకున్నట్టు… ఆ అద్దం ఎదురుగా సీటు నొక్కుకుపోయి ఉంది.

ఆవిడ పక్క సీట్లో కూచోదు. ఆ అద్దం ఉందన్న సంగతే ఆవిడకి సరిగ్గా తెలియదు. తాళం తిప్పితే మళ్లీ అదే టిక్కు. పక్కింటివాళ్ల స్కూటరు వెనక ఎక్కి, ఊపిరి బిగబట్టుకుని స్టూడియోకి చేరి, ఆఖరి నిమిషంలో వార్తలు అందుకుంది. చదువుతున్నంతసేపూ బుర్రలో ఒకటే గోల: దెయ్యమా, నేనా?

సాయంత్రం మేడ మెట్ల దగ్గర పైవాటా పిన్ని చెయ్యి పట్టుకుని ఆపింది. పిన్నికి నిద్ర తక్కువ, కిటికీ ఎక్కువ.

"అమ్మాయ్, చెప్తే నవ్వుతావని చెప్పలేదు… ఆ గోడ దగ్గర రాత్రిళ్లు నమిలే చప్పుడు వినిపిస్తోందే."

"నమిలే చప్పుడా?"

"కరకరా. ఈమధ్యే మొదలైంది. ఆకలితో పోయినవాడు కదా…"

"ఏం నములుతున్నాడు పిన్నీ, నా బ్యాటరీనా?" అంది విసుగ్గా. కానీ మెట్లెక్కుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి గోడ వైపు చూసింది. చిత్రం ఏమిటంటే, ఆవిడ లోలోపల కోరుకున్నది దెయ్యాన్నే. దెయ్యమైతే బాగుండును. దెయ్యమైతే కారు ఇంకోచోట పెట్టుకోవచ్చు. బుర్రని ఎక్కడ పెట్టుకుంటాం?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పక్క మీద అటూ ఇటూ దొర్లి దొర్లి, ఇక లాభం లేదని లేచింది. ముందుగదిలో మాస్టారు పరీక్ష పేపర్లు దిద్దుతూ రోజూ పొద్దుపోయేదాకా మేలుకునే ఉంటారు. ఆయన కంటపడితే మళ్లీ ఏదో ఒకటి అంటారని పిల్లిలా నడిచింది. ముందుగదిలో లైటు వెలుగుతోంది, పేపర్లు పరిచి ఉన్నాయి, ఎర్ర పెన్ను మూత తీసి ఉంది. మనిషి లేరు. బాత్రూములో ఉన్నారేమో, ఇదే అదను అనుకుని చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది.

సందులో పురుగు కూడా మెసలడం లేదు. కార్ల మధ్యనుంచి గోడ వైపు నడుస్తుంటే, దూరంనుంచే కనిపించింది…

కవరు లోపలినుంచి వెలుగుతోంది.

తెల్లటి గుడ్డ కింద పసుపుపచ్చటి మసక వెలుతురు. ఆ వెలుతురులో, పక్క సీటు ఉండే చోట, ఒక తల నీడ. వంగి ఉంది. దవడ… కదులుతోంది.

  ఆవిడ మెల్లగా బండి వెనక్కి చేరి, ఆసరాకి చెయ్యి చాస్తే పాడింటి గోడ తగిలింది. చల్లగా ఉంది. అప్పుడు వినిపించింది.

కర్… కర్… కర్.

తర్వాత కాయితం నలిగిన చప్పుడు. తర్వాత ఎవరికో ప్రమాణం చేస్తున్నట్టు, సన్నటి గుసగుస:

"ఇదే ఆఖరు…"

ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. నిశ్శబ్దం. మళ్లీ కాయితం. మళ్లీ కరకర.

"ఇదే… ఇంక ఇదే ఆఖరు…"

అప్పుడు ఆ గొంతు ఒకసారి సర్దుకుంది. చిన్న దగ్గు, దాని వెంట ఇంకో చిన్న దగ్గు. బోర్డు మీద లెక్క మొదలుపెట్టే ముందు దగ్గే దగ్గు. పాతికేళ్లుగా ఆవిడ వింటున్న దగ్గు.

మాస్టారు!

షుగరున్న మనిషి. తీపి ముట్టుకుంటే ఊరుకోనని డాక్టరు చెబితే ఆవిడ ఇంట్లో బిస్కెట్టన్నది లేకుండా చేసింది. ఆ బిస్కెట్లే ఇక్కడ, ఈ కవరు కింద, పోయిందన్న రెండో తాళంతో, రాత్రీ రాత్రీ… మరి లైటు? పాడింటి పక్క చీకట్లో దిగాలంటే ఆయనకి భయం. ఆ వెలుతురు అలా ఉంచుకునే ఇంటిదాకా పరిగెత్తేవారు. ఆర్పడానికి మళ్లీ వెనక్కి వచ్చే ధైర్యం ఎక్కడిది?

ఆవిడ గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. కన్నీళ్లు వాటంతటవే కారిపోయాయి. ఆర్పాను. రోజూ ఆర్పాను. నాకేం కాలేదు. ఎవరూ ముట్టుకోని ఆ గోడని రెండు చేతులతో పట్టుకుని, బతికాను దేవుడా అనుకుంది.

ఆ తర్వాత కోపం వచ్చింది. అది మామూలు కోపం కాదు. స్టీరింగు మీది కాయితం గుర్తొచ్చింది. బడిపిల్లలా గీసిన గడియారం గుర్తొచ్చింది. అన్నీ తెలిసి, ఆవిడ బ్యాగు ఒళ్లో పెట్టుకుని, డాక్టరు ముందు జాలిగా మాట్లాడిన మనిషి గుర్తొచ్చాడు. ఒక బిస్కెట్టు దాచుకోవడానికి ఆయన పణంగా పెట్టింది ఆవిడ బుర్రని.

అరవలేదు. కవరుకి దగ్గరగా వంగింది. పారిపోవడానికి వీలుగా తలుపు ఓరగా తీసే ఉంది. ఆ సందులోకి తన స్టూడియో గొంతుతో, గంభీరంగా, ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పింది.

"లైటు… ఆర్పడం… మర్చిపోకండి."

పాతికేళ్ల కాపురంలో పొద్దుటి వార్తలు మాస్టారు ఒక్కనాడూ వినలేదు. ఆ వేళకి ఆయన గుర్రుపెట్టి నిద్రపోతుంటారు. కాబట్టి ఆ గొంతు ఎవరిదో ఆయనకి తెలియలేదు. లోపల ఒక కేక సగంలో తెగిపోయింది. తలుపు భళ్లున తెరుచుకుంది. కవరు ఊడి, తలకీ భుజాలకీ చుట్టుకుని, ఆ తెల్లటి ఆకారం గోడకో దెబ్బ, కార్లకో దెబ్బ కొట్టుకుంటూ సందంతా పరిగెత్తింది. పైవాటా కిటికీలోంచి పిన్ని కెవ్వుమంది.

ఆవిడ తాపీగా అద్దం మూత మూసింది. లైటు ఆరింది. సీటు మీది బిస్కెట్ల పొట్లం, రెండో తాళం తీసుకుని, తలుపు వేసి ఇంటికి నడిచింది. మాస్టారు అప్పటికే దుప్పటి నిండా కప్పుకుని గోడవైపు తిరిగి ఉన్నారు. మంచం సన్నగా వణుకుతోంది.

తెల్లారి ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. ఆ రోజు వార్తలు ఎంత బాగా చదివారమ్మా అని ఇన్‌ఛార్జి కూడా మెచ్చుకున్నాడట.

ఆవిడ ఇంటికొచ్చేసరికి సందంతా పిన్ని చెప్పిన తెల్లదెయ్యం కబురే. మాస్టారు మాత్రం ఆ మాటల్లో కలవలేదు. ముఖం పాలిపోయి, కుర్చీలో ముడుచుకుని కూచున్నారు. ఆవిడ చెప్పులు విడుస్తుండగా అడిగారు.

"ఏమే… రాత్రి నువ్వు గానీ కిందికి వెళ్లావా?"

ఆవిడ గుమ్మం పక్క మేకుకి కారు తాళం తగిలించింది. దాని పక్కనే రెండో తాళం కూడా తగిలించింది. మాస్టారి చూపు ఆ మేకు దగ్గరే ఉండిపోయింది.

"ఏమోనండీ," అంది ఆవిడ, ఆ స్టూడియో గొంతుతోనే. "నాకు గుర్తులేదు."