కామిని కొట్టులో పాట

నవ్వకండి. దెయ్యం పేరెత్తితే చాలు, పళ్ళికిలిస్తారు మీరు. కట్టుకున్నదాని కష్టాన్ని తన పేరు మీద వేసుకుని దండలు వేయించుకునే మగవాణ్ణి చూస్తే మాత్రం చప్పట్లు కొడతారు. మొన్నటి సన్మానం రోజు కొట్టినవాళ్ళలో మీరూ ఉన్నారు. అందుకే చెబుతున్నాను. పక్కనే ఉండి చూసిన నిరుపమ నాతో చెప్పిన మాట ఇది.

లోవర్ హట్‌లో రైలు స్టేషన్‌కి పోయే మలుపులో ఒక పాత డైరీ ఉంది. ఈ కివీల దేశంలో డైరీ అంటే వీధి చివరి చిల్లర కొట్టే. భూకంపం వస్తే నిలవదని తలుపుకి పసుప్పచ్చ నోటీసు అంటించి మూసేశారు. కామిని కొట్టు అనేవారు దాన్ని. గల్లా వెనక స్టూలు మీద కూర్చునుండగానే కామిని ప్రాణం విడిచింది. అప్పట్నుంచి ఆ చోటుకి పేరు చెడింది. సన్మానం జరిగిన వారంలో అయితే, చీకటి పడ్డాక లోపల ఎవరో ఆడమనిషి పాడుతోందని కూడా పుకారు. మనవాళ్ళు రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవారు.

కామిని మొగుడు చిన్నస్వామి. ఫిజీ నుంచి వచ్చిన తెలుగువాళ్ళు. ఆయన గిటారు పట్టి కంట్రీ పాటలు పాడతాడు. పేరు తెచ్చింది మాత్రం ఒక్కటే పాట. మాటలన్నీ ఇంగ్లీషే — దీపం ఆర్పలేదు, టీ చల్లారిపోయింది, వాన కూడా వెలిసింది — అని సాగి సాగి, చివర ఒక్క తెలుగు మాట మీద ఆగుతుంది.

"రావే..."

అదెవరో పిల్ల పేరనుకున్నారు కివీలు. వాళ్ళ పెళ్ళిళ్ళలో కూడా పాడించుకున్నారు.

ఆ శనివారం మన సంఘం ఆయనకి శాలువా కప్పి, పాట పుట్టిన కథ చెప్పమంది.

"ఏముందమ్మా... కామిని అలిగి పుట్టింటికి పోయింది. ఉండలేకపోయాను. గిటారు తీశాను. తెల్లారేసరికి పాట!"

ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

అబద్ధం. కామిని ఒక్క పూట కొట్టు వదిలింది లేదు. క్లబ్బులంటూ ఊళ్ళు తిరిగింది ఆయన. మరి దీపం పెట్టుకుని కూర్చున్నది ఎవరు? మీలో ఒక్కరూ అడగలేదు.

"స్టేజీ మీద ఒక్కసారి నిజం చెప్పయ్యా" అని బతికుండగా బతిమాలింది ఆవిడ.

"వచ్చే శనివారం చెప్తాలే" అనేవాడు. ఆవిడ పోయేదాకా ఆ శనివారం రాలేదు.

సన్మానం ముగిసింది. ఇక్కడ జూన్ అంటే నడి చలికాలం. ఆరింటికే కటిక చీకటి. దక్షిణపు గాలి ఎముకలు కొరుకుతోంది. సంఘం కార్యదర్శి నిరుపమ ఆయన్ని స్టేషన్‌లో దిగబెట్టడానికి పక్కనే నడుస్తోంది.

"అంకుల్... అటు వద్దు. రోడ్డు దాటుదాం."

"ఐటీ చదువులు చదివి దెయ్యాలేంటమ్మా? నా కొట్టే అది. నా పెళ్ళాం దెయ్యమైనా నా మాట జవదాటదు" అని నవ్వాడు.

నాలుగడుగులు వేశాడో లేదో — నవ్వు ఆగిపోయింది.

షట్టర్ వెనక... పాట.

సన్నటి గొంతు. కాస్త బొంగురు. మధ్యలో చిన్న దగ్గు... ఆ దగ్గు ఎవరిదో ఆయనకి తెలుసు.

దీపం... టీ... వాన... ఒక్కొక్క మాటే చీకట్లోంచి వస్తోంది. చివరి మాట దగ్గర గొంతు ఊపిరి తీసుకుంది.

"రారా..."

రావే కాదు. రారా!

గిటారు పెట్టె జారి కింద పడింది. రెండు చేతులా షట్టర్ పట్టుకుని గుసగుసగా మొదలుపెట్టి, ఏడుపులోకి దిగాడు.

"ఆపు కామినీ... నీదేలే. పాట నీదే. నన్ను పిలిచావు, నేను రాలేదు. ఒక్క అక్షరం మార్చి నాదని చెప్పుకున్నాను... ఇంక ఆపవే!"

పాట టక్కున ఆగింది.

లోపల గొళ్ళెం కదిలింది. నిరుపమ ఆయన చొక్కా పట్టుకుంది. షట్టర్ పక్కనున్న తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది — కళ్ళలో టార్చి వెలుగు.

ఆయన కూతురు అనీషా!

ఎక్కడో దూరాన మనురేవాలో కాపురం ఉంటోంది. కొట్టు కూల్చేస్తారని తెలిసి, తండ్రికి చెప్పకుండా వచ్చి, ఆ వారమంతా తల్లి సామాన్లు సర్దుతోంది. చంకలో పాత టేప్‌రికార్డర్ ఉంది.

"డాడీ..." అంది మెల్లగా. "ఈ టేపులో మమ్మీ నీ పాటే పాడుకుంది, మాట తప్పు పలికింది అనుకున్నా. నవ్వుకున్నా కూడా."

ఆయన టేప్‌రికార్డర్ కోసం చెయ్యి చాచాడు.

"ఇప్పుడు నువ్వు చెప్పకపోతే, నాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

ఆ టేపు అనీషా, ఆయన పాడే క్లబ్బులో అందరికీ వినిపించింది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో 'రారా' అనే పాడుతున్నారు. చిన్నస్వామి గిటారు ముట్టడు. ఫ్లాట్‌లో ఒంటరిగా టీ పెట్టుకుని, అది చల్లారేదాకా ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు. అనీషా దగ్గరున్న మనవణ్ణి చూసి ఏడాది దాటింది.

"నన్ను రమ్మంటావా అమ్మా?" అని కూతుర్ని అడుగుతాడు.

"వచ్చే శనివారం, డాడీ" అంటుంది అనీషా.

వారం వారం అదే మాట.