ఎడమ సీటు కింద నీళ్లు

లింగమూర్తి కారులో నీళ్లు పోస్తున్నది వాచ్‌మన్ ఇస్సాకు. లింగమూర్తి లెక్కలో ఇది ఎప్పుడో తేలిపోయిన సంగతి. ఆయన డిటెక్టివ్ రోహిణి దగ్గరికి వచ్చింది దొంగను పట్టుకొమ్మని కాదు, పట్టుబడిన దొంగ మీద రుజువు తెమ్మని.

"ఎవడు చేసిండో నాకెరుకే," అన్నాడు కుర్చీలో కూర్చోకముందే. "రుజువు గావాలె. గంతే."

మదీనాగూడలో ఒక కర్రీ పాయింటు పైన రోహిణి ఆఫీసు. మొదట్లో ఆమె బీమా కంపెనీలకు బండ్ల సర్వేయరు. వానాకాలంలో నీట మునిగిన కార్లు ఎన్ని చూసిందో ఆమెకే తెలియదు. మునగని కారుకు మునిగిందని సొమ్ము అడిగిన వాళ్లను పట్టీ పట్టీ చివరికి ఈ పనిలోకి వచ్చింది. అసిస్టెంటు ఓంకార్‌ది కాకినాడ. రోహిణి కంట పడనిది లోకంలో ఏదీ ఉండదని ఓంకార్ నమ్మకం. ఓంకార్ కంట ఏదీ పడదని రోహిణి నమ్మకం.

వచ్చిన మనిషిని ఓంకార్ శ్రద్ధగానే చూశాడు. అరవై దాటిన వయసు, ఇస్త్రీ చొక్కా, బిగించిన దవడ. చంకలో గుడ్డ సంచి. దాని అడుగు తడిసి ఉంది. బల్ల మీద పెడదామని ఓంకార్ చెయ్యి చాపితే ఆయన సంచిని అవతలికి లాక్కున్నాడు. ఆకుకూరలు కాబోలు అనుకున్నాడు ఓంకార్.

"మొదట్నుంచి చెప్పుండ్రి సార్," అంది రోహిణి.

లింగమూర్తి బాలానగర్‌లో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మియాపూర్ అపార్ట్‌మెంటులో ఒక్కడే ఉంటాడు. భార్య సుగుణమ్మ పోయి రెండేళ్లు. ఆవిడ బతికుండగా కొన్న తెల్లకారు ఇప్పుడు పాతబడింది. వానలు మొదలైనప్పటి నుంచి ముందు ఎడమ సీటు కింద నీళ్లు నిలుస్తున్నాయి. బాలానగర్‌లో తెలిసిన మెకానిక్ తలుపుల రబ్బర్లు మార్చాడు, అద్దం చుట్టూ గమ్ము పెట్టాడు. నీళ్లు ఆగలేదు. ఎవరో కావాలని పోస్తున్నారని చెప్పి చేతులు దులుపుకున్నాడు.

"వాన నీళ్లేమో?"

"కారుండేది పిల్లర్ల కింద. వాన పడని దినం గూడ నీళ్లొస్తున్నయ్. పొద్దుగాల బయటికి తీసుకపోయేటప్పుడు పొడిగుంటది. చాయ్ తాగొచ్చి బండి పెట్టి, పైకి పోయి మళ్ల దిగొచ్చేవరకు నీళ్లు. ఆ నడుమ అక్కడుండేది ఇస్సాకు ఒక్కడే. బకెట్టుతోని."

"తాళం?"

"నా జేబులనే. ఒకనాడు నాలుగు తలుపులకూ టేపు అంటించి పోయిన. వచ్చి చూస్తే నీళ్లున్నయ్, టేపు చిరగలే. టేపు చిరగకుంట పోసిండంటే ఎంత దొంగనాకొడుకో చూడు!"

ఓంకార్‌కు నవ్వు వచ్చింది. రోహిణికి రాలేదు.

"మీ మీద ఇస్సాకుకు కసి ఎందుకు?"

"నా బండి తుడవనియ్య. అందరి బండ్లు తుడిచి సంపాయిస్తడు, నాది ముట్టనియ్య. గదీ మంట. ఆదివారం మీటింగున్నది. ఆనాడు ఆడు రూం ఖాళీ చెయ్యాలె. సెక్రెటరీ సురేంద్ర రుజువేదని అడుగుతున్నడు. తెచ్చి ఆయన మొకాన కొడత."

"అయితే బండి కడిగేది మీరేనా?"

"ఇంకొకల చెయ్యి పడనియ్య."

"పూజ గిట్ల చేస్తరా బండికి? పూలు, నిమ్మకాయలు?"

లింగమూర్తి ఆమెను కోపంగా చూశాడు. "మా ఆమె పోయిన్నాడే దేవుని అర్ర తలుపు మూసిన. మళ్ల తెరవలే. నాకు పూజల్లేవు."

సంచి గుండెకు హత్తుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"పూజ గురించి ఎందుకడిగారు మేడం?"

"పాత కారంటే అడుగుత. సర్వేయరు బుద్ధి," అంది రోహిణి.

మర్నాడు ఇద్దరూ మియాపూర్ వెళ్లారు. రోడ్డు నుంచి చిన్న వాలు దిగితే పార్కింగు. ఆ మూలన మెట్ల కింద ఒక గది. గది ముందు ఇస్సాకు భార్య మెర్సీ గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. ఇస్సాకు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరే పోశారా?" ఓంకార్ నేరుగా అడిగాడు.

"బైబిలు మీద ఒట్టండి. ఆయన బండి దగ్గరికి పోతేనే కుక్కను అదిలించినట్టు అదిలిస్తారండి. నేనెందుకు పోస్తానండి?"

"పగ తీర్చుకోడానికి," అంది రోహిణి, అతని ముఖం మీది నుంచి చూపు తిప్పకుండా.

ఇస్సాకు తడబడ్డాడు. "పగ ఉందండి. లేదనను. కానీ పిల్లది నాలుగో తరగతి చదువుతోందండి ఈ పక్కనే. నడి సంవత్సరంలో గది పోతే దాన్ని ఏ బడిలో చేర్చుకుంటారండి? పగ కోసం బడి పోగొట్టుకుంటానా?"

మెర్సీ మూట మీది నుంచి తలెత్తకుండానే అంది: "చీపురు పట్టుకుని అటు పోతే నన్నూ తరుముతారండి. పొద్దున్నే ఆయన బండి తీసేదాకా ఆ పక్క ఊడవకూడదంట. వాళ్ల తాతల జాగా మరి!"

రోహిణి ఆ మాటకు చటుక్కున తిరిగింది.

అప్పుడే సురేంద్ర వచ్చాడు. హైటెక్ సిటీలో మేనేజరు, మెడలో ఆఫీసు కార్డు, చేతిలో ల్యాప్‌టాప్ సంచి. లింగమూర్తి కారు పక్కనే గోడకు కొత్తగా కరెంటు పాయింటు బిగించి ఉంది.

"ఆ పాయింటు ఎవరిది సార్?" రోహిణి అడిగింది.

"నాదే. ఎలక్ట్రిక్ కార్ బుక్ చేశాను. చార్జింగ్‌కి అదొక్కటే కన్వీనియంట్ ప్లేస్."

"స్థలం మాత్రం లింగమూర్తి గారిది."

"మార్చుకుందామని అడిగాను. అరిచాడు. ఆ డబ్బా అమ్మేస్తే అందరికీ పీస్." సురేంద్ర నవ్వాడు. నవ్వు కళ్లదాకా రాలేదు. "చూడండి, నాకు ఎవరైనా ఒకటే. వాచ్‌మన్‌ని మారిస్తే ఆయన నోరు మూతపడుతుంది. ఏదో ఒకటి సండేకి తేల్చండి."

అతను వెళ్లాక ఓంకార్ గొంతు తగ్గించాడు. "ఇతనే మేడం. కారు పాడైతే స్థలం ఖాళీ. నింద వాచ్‌మన్ మీద పోతుంది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలండి."

"టేపు చిరగకుండా ఎట్ల పోసిండు?"

ఓంకార్ కరెంటు పాయింటు వైపు మరోసారి చూశాడు.

లింగమూర్తి కిందికి వచ్చి తాళం తీసి, కాపలా కాస్తున్నట్టు పక్కనే నిలబడ్డాడు. రోహిణి ఎడమ సీటు కింది పట్టా ఎత్తింది. కింద తివాచీ నానిపోయి ఉంది. వేలు ముంచి చూసింది. నీళ్లు పలచటి డికాక్షన్ రంగులో ఉన్నాయి. రెండు వేళ్ల మధ్య రుద్దింది, జిడ్డు లేదు. వాసన చూసింది, మురిగిన వాసన.

"ఓంకార్, చూసినవా? జిడ్డు లేదు, రేడియేటరు నీళ్లు కావు. ఏసీ నడుస్తదా సార్?"

"ఎప్పుడో సచ్చింది."

"ఏసీ నీళ్లు కావు. తలుపు అంచు పొడిగున్నది, రబ్బర్ల తప్పు లేదు. నల్లా నీళ్లు తెచ్చి పోస్తే తేటగుండాలె, ఇవి రంగెక్కినయ్." ఆమె ముందు అద్దం అడుగున, వైపరు పక్కనున్న నల్ల జాలీ దగ్గర వంగి, సన్నటి సందుల్లోకి టార్చి వేసింది. అక్కడ చాలాసేపు ఉండిపోయింది.

"ఏమున్నదక్కడ?" లింగమూర్తి గొంతు పెంచాడు. "లోపల చూడమంటే బయట చూస్తవేంది?"

"ఆదివారం చెప్త సార్. అందరి ముందట."

ఆదివారం పొద్దున మీటింగుకు ముందే ఫ్లాట్ల వాళ్లు కారు చుట్టూ చేరారు. సురేంద్ర గడియారం చూసుకుంటున్నాడు. మెట్ల గది ముందు మూటలు కట్టి ఉన్నాయి. మెర్సీ వాటి మీద కూర్చుంది. ఇస్సాకు పిల్లర్ దగ్గర నిలబడ్డాడు.

"ఇస్సాకూ, నువ్వు అక్కన్నే ఉండు. కదలకు," అంది రోహిణి. "లింగమూర్తి సార్, మీరు బండిల కూసోండ్రి. అద్దాలెక్కించి తలుపులు వేసుకోండ్రి. ఎడమ పక్క కింద పొడిగుందా?"

"పాత బట్టలేసి అద్దిన. పొడిగనే ఉన్నది."

తలుపులు పడ్డాయి. రోహిణి మగ్గుతో నీళ్లు తీసుకుని ముందు అద్దం అడుగున ఆ జాలీ మీద నెమ్మదిగా పోసింది. మరో మగ్గు పోసింది. ఇంకొకటి.

"ఈ నీళ్లు ఎటు పోవాలె?"

"చక్రం వెనకనుంచి కిందికి," అన్నాడు ఒకాయన.

"చూడుండ్రి మరి."

అందరూ వంగారు. చక్రాల దగ్గర నేల పొడిగా ఉంది. మూడు మగ్గుల నీళ్లు కారు మింగేసింది.

"ఓంకార్, సురేంద్ర సార్, వెనకనుంచి జర నూకుండ్రి. సార్, బండి కదలంగనే బ్రేక్ తొక్కుండ్రి."

సురేంద్ర విసుక్కుంటూనే చెయ్యి వేశాడు. కారు ముందుకు కదిలి, ఒక్క కుదుపుతో ఆగింది. అద్దంలోంచి ఓంకార్‌కు లింగమూర్తి ముఖం కనిపించింది. ఆయన ఎడమ వైపు కిందికి చూస్తున్నాడు. తలుపులు మూసిన కారులో, తన కళ్ల ముందే, గాలి గొట్టంలోంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. ఇస్సాకు పిల్లర్ దగ్గరే ఉన్నాడు.

లింగమూర్తి దిగాడు.

"ఈ జాలీ కింద ఒక తొట్టి ఉంటది," అంది రోహిణి. "వాన నీళ్లు, బండి కడిగిన నీళ్లు దాంట్ల పడి, మూల తూము గుండ కిందికి పోవాలె. ఆ తూము మూసుకపోయింది. తొట్టి కుండ లెక్క నిండి కూసుంటది. బండి నిలవడ్డప్పుడు ఏం కాదు. వాలు దిగి బ్రేక్ తొక్కితే తొణికి, గాలి పోయే తోవల పడి, ఎడమ సీటు ముందర కారుతది. అందుకే వాన లేని దినం గూడ నీళ్లు. టేపు చిరగలేదంటే తలుపు ఎవరూ తెరవలేదని, అంతే. పెద్దాయన ఆ రుజువు చేతుల పెట్టుకొని తిరిగిండు."

ఆమె ముందే వదులు చేసి ఉంచిన జాలీని ఎత్తింది. తూము నోట్లోంచి పిడికెడు నల్లటి ముద్ద బయటికి లాగి కాగితం మీద పరిచింది. రేకులు కుళ్లి బురదయ్యాయి. వాటిని కట్టిన దారం మాత్రం కుళ్లలేదు. ముడి పక్కన ముడి, జానెడు జానెడు ముక్కలు, లెక్క లేనన్ని.

"మల్లెపూలా?" అంది ఒకావిడ.

"చూశారా!" సురేంద్ర అందుకున్నాడు. "కావాలనే కుక్కాడు. ఇంటెన్షనల్. పార్కింగ్‌లో ఎప్పుడూ ఉండేది వాచ్‌మనే. ఇస్సాకూ, ఇంక సామాను తియ్యి."

మెర్సీ లేచి నిలబడింది. "మా ఇంట్లో పూలు పెట్టుకునే అలవాటే లేదండి. మల్లెపూలు కొని బండికి కుక్కే అంత కలిగినోళ్లమా మేము?"

"గాలికి ఎగిరిపడ్డ పూలు కావు ఇవి," అంది రోహిణి. "కొన్నవి, కట్టినవి. అన్నీ ఎడమ సందులల్లనే, ఆ సీటు ఎదురుంగనే ఉన్నయ్. పగతోని కుక్కేటోడు గుడ్డపీలికో మట్టో ఒక్కనాడు కుక్కి పోతడు. రోజూ జానెడు మాల కొనుక్కొచ్చి కుక్కడు. ఇది పగ గాదు. రాత్రి అద్దం అడుగున పెట్టిన పూలు తెల్లారి ఎవరికీ కనవడొద్దు. చెత్తల వెయ్యడానికి చెయ్యి రాదు, పది మంది తొక్కే నేల మీద పారెయ్యరాదు. మరి ఏడ దాస్తడు? పెట్టిన కాడనే వేలుతోని లోపలికి నెట్టిండు. అద్దం కిందికి పోతే ఎవరూ తొక్కరు, ఎవరూ చూడరు. తూమున్న సంగతి ఆయనకు తెల్వదు."

"ఎవరాయన?" సురేంద్ర అడిగాడు.

"పొద్దుగాల ఆ పక్కకు చీపురు రానియ్యనాయన. సాయంత్రం నా ఆఫీసుకు అడుగు తడిసిన పూల సంచి పట్టుకొచ్చి, మా పిలగాడు అందుకోబోతే ఇయ్యనాయన."

ఓంకార్ చెవులు వేడెక్కాయి. తను చూసి కూడా ఆకుకూర అనుకున్నాడు.

ఎవరూ పేరు చెప్పలేదు, కానీ అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. లింగమూర్తి కాగితం మీది ముద్దను చూస్తూ నిలబడ్డాడు. రోహిణి గొంతు తగ్గించి అంది: "పూజల్లేవన్నరు గద సార్ నాతోని."

"అబద్ధం చెప్పలే," అన్నాడు ఆయన. "పూజ గాదది. దేవునికి పెట్టలే."

ఎవరో దగ్గారు.

"కుక్కింది నేనే. ఇస్సాకు గాదు. రాసుకో సెక్రెటరీ," అన్నాడు లింగమూర్తి. "ఆని రూం ఆనిదే. ఆడు పోతే ముందు నేను పోత."

ఇస్సాకు ముఖం వైపు ఆయన చూడలేదు. చూస్తాడేమోనని ఓంకార్ ఎదురుచూశాడు. మెర్సీ ఊరుకోలేదు.

"మూటలు కట్టించారు కదండీ పెద్దాయనా. విప్పేదెవరండి?"

లింగమూర్తి మెట్ల గది దాకా నడిచి, గోనెసంచి ముందు చతికిలబడి, తాడు ముడి విప్పసాగాడు. ముడి బిగుసుకుపోయింది. పళ్లతో లాగాడు. ఇస్సాకు ఆపబోతే మోచేత్తో నెట్టేశాడు. గిన్నెలు ఒక్కొక్కటీ తీసి అరుగు మీద పెట్టాడు. జనం ఒక్కొక్కరే లిఫ్టు వైపు జారుకున్నారు. మీటింగు జరగలేదు.

ఆఖరి మూట విప్పి ఆయన లేచేసరికి పార్కింగులో మిగిలింది డిటెక్టివులు ఇద్దరే. ఓంకార్ మనసు ఆగలేదు.

"సార్, ఎడమ సీట్లో కూర్చునే సుగుణమ్మ గారికి మల్లెలంటే బాగా ఇష్టమాండి?"

రోహిణి అతని చెయ్యి పట్టి ఆపబోయింది. ఆలస్యమైంది. లింగమూర్తి చొక్కాకు అంటిన దుమ్ము దులుపుకున్నాడు. ముఖంలో ఏ మార్పూ లేదు.

"అడిగినవ్. ఇయ్యాల గనక ఊకుంటున్న," అన్నాడు. "ఈ ముచ్చట ఇగ ఎవరూ నా ముంగట తియ్యొద్దు. నువ్వు గాదు, మీ మేడం గాదు, ఇస్సాకు గాదు. నేనూ తియ్య. సచ్చేదాక తియ్య."