ఎడమవైపు కుర్చీ

"ఏవండీ ఆర్టిస్టుగారూ, నాకు ఎడమచేతి వాటం ఎప్పుడొచ్చిందో కాస్త చెబుతారా?"

ప్రింటు గది గుమ్మంలో నిలబడి అడిగాడు బాక్సరు. క్లబ్బులో అందరూ తూనీగ అని పిలిచేది అతన్నే. చేతిలో క్లబ్బు కోసం ఆమె వేసిన అతని బొమ్మ.

ఆమె ఒక్కసారి చూసి నాలిక్కరుచుకుంది. రాతిపలక మీద గీసింది కాగితం మీద తిరగబడి పడుతుంది. అందుకే అద్దంలో చూసుకుంటూ గీయాలి. ఆరేళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషి, ఆ రోజు హడావిడిలో అద్దం సంగతే మరిచిపోయింది! ఆ మాటే చెప్పింది.

"ఆ మాట మా మావయ్యకి మీరే చెప్పండి. 'పదేళ్ళు కుడిచేత్తో నేర్పితే ఇదేంట్రా' అని పొద్దున్నుంచీ నా ప్రాణం తీస్తున్నాడు." మేనమామే అతనికి కోచ్.

"మళ్ళీ గీస్తాలెండి. ఈసారి ఉన్నది ఉన్నట్టు."

"ఉన్నది ఉన్నట్టు అక్కర్లేదు, ముక్కు కాస్త సరిచేయండి."

"ఆ వంకర ముక్కు తీసేస్తే మీలో గీయడానికి ఇంకేముందని?"

పడీపడీ నవ్వాడు. అదిగో, అక్కడ మొదలైంది.

ఆ తర్వాత అతని ప్రతి మ్యాచ్‌కీ వెళ్ళింది. రింగులో అతని మూలకి ఎడమవైపు కుర్చీ ఆమెది. అందరూ గుద్దులు గీస్తారు, ఆమెకి గుద్దులక్కర్లేదు. కనుబొమ మీద వాజలిన్, బకెట్లోకి ఉమ్మిన నీళ్ళు, బెల్ కొట్టగానే స్టూలు మీంచి లేచే ఆ క్షణం కావాలి. లేచినప్పుడల్లా అతని తల ఎడమకి తిరిగేది. అంటే ఆమె వైపే.

"ఎందుకలా నావైపు చూస్తావ్? ఎదుటివాడు అక్కడుంటే?"

"వాణ్ణి చూస్తే ఏమొస్తుంది? నిన్ను చూస్తే ధైర్యమొస్తుంది."

మీరు కాస్తా నువ్వు ఎప్పుడయిందో ఇద్దరికీ తెలీదు. ఇంటికెళ్ళి ఆ మాటే పదిసార్లు తలుచుకుంది పిచ్చిపిల్ల. అమ్మ పిలిచినా పలకలేదు.

సెమీఫైనల్ రోజు ఆమె వెళ్ళేసరికి ఆ కుర్చీలో ఓ భారీకాయం ఆసీనమై ఉంది. చేసేదిలేక కుడివైపుకెళ్ళి కూర్చుంది. బెల్ మోగింది. తూనీగ లేచాడు. తల ఎడమకే తిరిగింది, ఎప్పుడూ తిరిగినంతే. ఆ చూపు తనకేననుకుని ఆ లావుపాటాయన చెయ్యి కూడా ఊపాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమెకి నవ్వు రాలేదు.

మ్యాచ్ అయ్యాక బయట వాన. రేకుల కింద నిలబడ్డారిద్దరూ.

"ఇవాళ కూడా నిన్ను చూశాకే లేచాను తెలుసా?"

"నేనివాళ కుడివైపు కూర్చున్నాను."

అతని నవ్వు ఆగిపోయింది.

"కుడి కంటితో చూడ్డానికే కదా ఆ తల తిప్పడం. ఎడమ కన్ను ఎప్పట్నుంచి?" అంది.

"పోయిన వేసవి నుంచి. ఓ గుద్దు తగిలింది. ముందు మసక, తర్వాత ఏమీ లేదు."

"మరి డాక్టరు టెస్టు?"

"చార్టు బట్టీపట్టేశా. మావయ్యకి చెప్పకు, నీ కాళ్ళు పట్టుకుంటా. వచ్చేవారం ఫైనల్. గెలిస్తే రాష్ట్ర జట్టులో చోటు. దానికోసమే కదా ఇన్నాళ్ళూ చచ్చింది."

ఆమెకి ఏడుపొచ్చింది. అతని కన్ను పోయినందుకు సగం. ఆ చూపు ఒక్కసారి కూడా తనకోసం కానందుకు మిగతా సగం. రెండోదానికి సిగ్గేసింది కూడా.

బుధవారం ప్రింటు గదికొచ్చాడు. రాతిపలక మీద, స్టూలు మీంచి లేస్తున్న అతని బొమ్మ పూర్తయింది. అద్దం పెట్టి చూపించింది. కుడి కుడిగానే ఉంది, ఎడమ ఎడమగానే. తల మాత్రం పక్కకి తిరిగే ఉంది.

"రేపు మావయ్య చూడ్డానికొస్తాడు. తల కాస్త నిటారుగా గీస్తే నీ సొమ్మేం పోయింది?"

ఆమె బ్లేడు చేతిలోకి తీసుకుంది. రాతి మీద మెడ గీతలు నాలుగు గోకేస్తే చాలు, ఎవరికీ తెలీదు.

"రెండో కంటి మీద గుద్దు పడితే?"

"పడదు."

"పడితే?"

ఆమె బ్లేడు బల్ల మీద పెట్టేసింది.

మర్నాడు మావయ్య వచ్చాడు. వెనకాలే తూనీగ. ప్రింటు పట్టుకుని ఆయన చాలాసేపు చూశాడు.

"వీడెప్పుడూ ఇలాగే లేస్తాడామ్మా?"

"పదకొండు మ్యాచ్‌లు చూశానండీ. ప్రతిసారీ."

ఆయన జేబులోంచి చేతికి కట్టుకునే గుడ్డపట్టీ చుట్ట తీసి, ఎడమవైపు నుంచి మెల్లిగా విసిరాడు. అది తూనీగ చెవికి తగిలి కిందపడింది. తగిలేదాకా అతను కదల్లేదు.

మావయ్య అక్కడే కూలబడ్డాడు. "రోజూ నీ పక్కనే ఉన్నాను కదరా... నాకెందుకు కనపళ్ళేదురా!" అని బావురుమన్నాడు.

తూనీగ ఆమె వంక చూశాడు. "బొమ్మ గీయమంటే నా కొంప కూల్చావు" అని వెళ్ళిపోయాడు. ఫైనల్ అతను లేకుండానే జరిగింది.

ఎనిమిది నెలలు. ఫోన్ లేదు, కబురు లేదు. పని అయిపోయిన రాతిని ఇసకతో అరగదీసి మళ్ళీ వాడుకోవడం అక్కడ అలవాటు. ఆ ఒక్క రాయిని ఆమె ముట్టుకోలేదు.

ఓ వాన సాయంత్రం గుమ్మంలో తడిసిన చెప్పుల చప్పుడు. అతనే. చిక్కిపోయాడు. తిన్నగా గోడ మీదున్న ప్రింటు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"వీడు గెలిచేవాడు" అన్నాడు.

"గెలిచేవాడే."

"రెండో కన్ను బాగానే ఉందన్నారు డాక్టర్లు. ఇంకొక్క మ్యాచ్ ఆడుంటే చెప్పలేమన్నారు. నీకీ మాట చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది నాకు." మొహం తుడుచుకున్నాడు. అవి వాన నీళ్ళు కావు.

ఆమె వచ్చి పాత అలవాటు కొద్దీ అతని ఎడమపక్కన నిలబడింది. అయ్యో, అటు కనపడదు కదా అని చటుక్కున కుడివైపుకి రాబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అక్కడే ఉండు."

తల మొత్తం ఎడమకి తిప్పి, ఆమె మొహం కనపడేదాకా తిప్పి, అప్పుడన్నాడు.

"ఇది మాత్రం నీకోసమే."