నలభై రెండు డిగ్రీలు

"సత్తీ, వేడెక్కువగా ఉందిరా," అన్నాడు కూర్మారావు మైక్‌లో. ఆ తరువాత కొలిమి ముందు కూలిపోయాడు. అతన్ని కూలీ వేషంలో అక్కడికి పంపింది ఏజెంట్ సత్యప్రసాదే. మూడు వారాలైనా ఆ గొంతు వదలడం లేదు. స్నానం చేస్తున్నా, అన్నం తింటున్నా వినిపిస్తూనే ఉంది.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది.

"మామూలు రోజుల్లో మన కణాలు హీట్ షాక్ ప్రోటీన్లని కొద్దికొద్దిగా తయారుచేస్తాయి. మిగతా ప్రోటీన్లు సరిగ్గా మడతపడేలా చూడడం వాటి పని. ఒంటికి వేడి తగిలితే కణం ఆ ఉత్పత్తిని అమాంతం పెంచేస్తుంది. కూర్మారావు కణాల్లో అది పెరగలేదు. విదేశీ ముఠా షర్బత్‌లో కలిపిన మందు అడ్డుపడింది."

"అదే షర్బత్ అందరూ తాగారు కదా సార్?"

"వాళ్ళకి రోజూ వేడి అలవాటే. కణాల్లో ప్రోటీన్ ముందే నిల్వ ఉంది. మనవాడు కొత్త. ఆ మరణం ముఠాకి ట్రయల్. ఫిరంగి గొట్టాలు చేసే ఆ కార్ఖానా పది రోజులుగా షట్‌డౌన్‌లో ఉంది. రేపు రెండింటికి నలభై మంది డ్యూటీకి వస్తున్నారు. ఇప్పుడు ఆ నిల్వ ఎవరిలోనూ లేదు."

జంషెడ్‌పూర్. గోల్‌మురి పేట వెనక భవానీ ఫోర్జ్ కార్ఖానా. హెల్పర్ వేషంలో సత్యప్రసాద్ పొద్దున్నే చేరాడు. కొలిమి అప్పటికే రగులుతోంది. జేబులో పెన్ను లాంటి డిటెక్టర్, దాన్నిండా బతికున్న కణాలు. అనుమానం ఉన్న చుక్క వేసి నలభై రెండు డిగ్రీలకి వేడిచేయాలి. ప్రోటీన్ తయారైతే పచ్చగా వెలుగుతుంది. వెలగకపోతే మందు కలిసినట్టే.

ఒంటిగంటన్నరకి వేయించిన శనగపిండి కలిపిన సత్తు షర్బత్ డ్రమ్ము వచ్చింది. చుక్క వేశాడు. పావుగంట వేడిచేసి, అప్పుడు చూస్తే పెన్ను పచ్చగా వెలుగుతోంది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వేషంలో ఉజ్వల వచ్చింది. పసుపు హెల్మెట్, ఎర్రటి లిప్‌స్టిక్. రెండేళ్ళుగా ముఠా జీతం తీసుకుంటూ వాళ్ళ గుట్టు ఇటు చేరవేస్తున్న మనిషి.

"మాంగో వంతెన మీద ట్రాఫిక్ ఎలా ఉంది?"

"ఒక్క సైకిలే ఉంది," అన్నాడు. కోడ్ కలిసింది.

"మందు కలిపేశారు."

"లేదు. పెన్ను వెలిగింది."

"ఇంతసేపూ ఎక్కడ పెట్టావు దాన్ని?"

"జేబులో. పొద్దుట్నుంచీ కొలిమి దగ్గరే..."

అప్పుడర్థమైంది. కణాలకి వేడి ముందే తగిలింది. అది మందు పడకముందే తయారైన ప్రోటీన్ వెలుగు!

సైరన్ మోగింది. షట్‌డౌన్ తరువాత మొదటి గ్లాసు అందరూ ఒక్కసారే తాగాలన్నది అక్కడి ఆచారం. బెంచీ మీద నలభై స్టీలు గ్లాసులు నిండుగా ఉన్నాయి. "జై విశ్వకర్మ!" అంటూ ఫోర్‌మన్ సీతారామరావు చెయ్యి చాచాడు.

అరిస్తే మందు కలిపినవాడు జారిపోతాడు. సత్యప్రసాద్ ఇనప ట్రాలీని బలంగా తోశాడు. బెంచీ, డ్రమ్ము, గ్లాసులు అన్నీ బోర్లాపడ్డాయి.

"ఏటయ్యా ఇది! అంధా హై క్యా, కళ్ళు లేవా?" సీతారామరావు మండిపడ్డాడు. "ఇంతమంది ఏటి తాగాలిప్పుడు? గేట్ పాస్ ఇచ్చీ. రేపట్నుంచి రాకు!"

బయట ఫోన్ మోగింది. "ఉజ్వల చూపించినవాణ్ణి గేటు దగ్గర పట్టుకున్నాం. నీ సంగతేంటి?" అన్నాడు చీఫ్.

"ఉద్యోగం ఊడింది సార్. చేరిన రోజే."

ఆ మాటకి కడుపు పట్టుకుని నవ్వే మనిషి ఒక్క కూర్మారావే. సత్యప్రసాద్ అతని బదులు నవ్వబోయాడు గానీ, చేతకాలేదు.