పన్నెండో గడ

జనార్దనరావును చంపినవాళ్లు పొదుపరులు. శవాన్ని కూడా పనికి పెట్టుకున్నారు.

గూడూరు దగ్గర బందరు కాలవలో గంగన్న మేస్త్రీ వెదురు గడలు నానబెట్టాడు. నానని వెదురును పురుగు తొలిచేస్తుంది. ఎండు వెదురు తనంతట తాను మునగదు కాబట్టి పైన రాళ్లు పేర్చి అణచిపెడతారు. ఇరవై ఒకటో రోజున కూలీలు రాళ్లు తీస్తుంటే వాటి కింద మనిషి కనిపించాడు. చేతులు వెనక్కి విరిచి కట్టి ఉన్నాయి. ఊపిరితిత్తుల నిండా నీళ్లేనని డాక్టరు చెప్పాడు. అంటే ఏ రాత్రివేళో ఆ రాళ్లు తీసి మళ్లీ అతని మీద పేర్చేటప్పటికి ప్రాణం ఉందన్నమాట.

అది 1942 మార్చి. ఆ సాయంత్రమే ఉమామహేశ్వరరావుకు కబురు వచ్చింది. పైకి అతను బందరు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. లోపల సర్కారు గూఢచారి, ఏజెంట్ పదిహేడు. చనిపోయిన జనార్దనరావు అతని తోటి ఏజెంటే కాదు, సొంత చెల్లెలు రాజ్యలక్ష్మి మొగుడు.

ఉప్పు కొఠారు వెనక గదిలో చీఫ్ వెంకటసుబ్రహ్మణ్యం కూర్చుని ఉన్నాడు. ఊరందరికీ ఆయన నశ్యం పీల్చే హెడ్ గుమస్తా. పక్క కుర్చీలో ఇందిర. రంగూన్ నుంచి కాందిశీకురాలిగా వచ్చి గుడివాడలో టింబరు డిపో నడుపుతోంది. జపాన్ ముఠాలో చేరినట్టు నటిస్తూ వాళ్ల రహస్యాలు చీఫ్‌కు అందిస్తుంది. డబుల్ ఏజెంట్. బర్మా సిల్కు చీర కట్టుకుని ఆమె గుడివాడ బజార్లో నడిస్తే తూకాలు తప్పేవి.

చీఫ్ బల్ల మీద బ్లూప్రింట్ పరిచాడు.

"మద్రాసు హార్బరు ఎదుట ఈ మేడ కడుతున్నారు. పదకొండు అంతస్తులు. ఏడు లేచాయి. బీచికి వెళ్లిన జనం సముద్రానికి వీపు పెట్టి దీన్ని చూస్తున్నారట."

"ఈ పక్కన గీసినవి?"

"తొమ్మిది అంతస్తులది ఒకటి, పదమూడుది ఒకటి. ఇంకా కాగితం మీదే ఉన్నాయి. మొదటిది నిలబడితే అవీ లేస్తాయి. పైన సైన్యం వైర్‌లెస్ పెడుతుంది. జపాన్ వాడికి అదీ కంటగింపు. వాడి సబ్‌మెరీన్ మన తీరంలో మనుషుల్ని దింపబోతోందట, ఎక్కడో తెలీదు. పరంజా మీద రోజుకు ఆరువందల మంది పనిచేస్తున్నారయ్యా."

"మొన్న బావ పంపిన ఆఖరి టెలిగ్రాం?"

చీఫ్ చదివాడు. "పెళ్లివారు పన్నెండు. మద్రాసు ప్రయాణం. బరువు ఎక్కువ."

కోడ్ ప్రకారం పెళ్లివారంటే శత్రువులు, బరువంటే పేలుడు మందు. అందుకని పోలీసులు రెండు రోజులుగా పన్నెండుమంది కొత్త మనుషుల కోసం జిల్లా గాలిస్తున్నారు. పెదపారుపూడిలో ఒక హరికథ భాగవతారును, అతని మృదంగాన్ని కలిపి లాకప్‌లో వేశారు.

"నాకు తెలిసి ఆ పన్నెండుమందీ రైల్లో వెళ్లిపోయి ఉంటారు," అంది ఇందిర. "మీ బావగారికి నేను వద్దని చెప్పాను మాస్టారూ. వినలేదు." కళ్లు ఒత్తుకుంది. అంత అందంగా ఏడ్చే మనిషిని ఉమామహేశ్వరరావు అంతవరకు చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళకు అతను గూడూరు కాలవగట్టుకు వెళ్లాడు. గంగన్న దివిసీమ మనిషి. రెండంతస్తుల మేడ కన్నా ఎత్తైనది కంటితో చూడకపోయినా, పదకొండు అంతస్తులకు పరంజా కడతానని మద్రాసు కాంట్రాక్టరుకు మాటిచ్చాడు. నలభైమంది కూలీలతో, మూడువందల గడలతో పడవ ప్రయాణానికి సిద్ధంగా ఉంది.

"గడలు మంచివేనా గంగన్నా?"

"అదేం మాటండీ! ఈ తడవ వచ్చిన సరుకు నా జన్మలో చూళ్లేదండి. ఓ పన్నెండు గడలు రాయి పెట్టకుండానే బుడుంగున మునిగాయండి. అంత ముదురు! వాటినే అడుగు వరసలో నిలబెడతా. ఆ మేడ బరువంతా అవే మోస్తాయి."

ఉమామహేశ్వరరావు గడల కేసి తిరిగాడు. పన్నెండు. బరువు ఎక్కువ. బావ రాసింది మనుషుల గురించి కాదు.

"ఎవరిచ్చారు?"

"గుడివాడ ఇందిరమ్మగారండి. నానినవే, మళ్లీ నానబెట్టొద్దని మరీ మరీ చెప్పారు. నేను నానబెట్టని గడ మీదికి నా మనిషిని ఎక్కనివ్వనండీ. కణుపు కణుపుకీ బెజ్జం పెట్టి, లోపలిదాకా నీళ్లు పట్టించి మరీ తీశాను."

"మీవాళ్లందరూ పడవ వెనక భాగంలో కూర్చుని అన్నాలు తినండి. నేను పిలిచేదాకా ఇటు రావద్దు."

ఒంటరిగా ఒక బరువైన గడను చీల్చాడు. కొసన లక్క ముద్ర, దాని కింద సన్నటి ఇత్తడి గొట్టం, ఆ కింద గడ నిండా పేలుడు మందు. ఇరవై రోజులు నీళ్లు తాగి అది నానిన అటుకుల్లా జారిపోయింది. తడిసిన ఆ మందు ఇక పేలదు. మేస్త్రీ మొండితనం ఆరువందల ప్రాణాలు కాపాడింది.

కాసేపటికే ఇందిర సరుకు సాగనంపడానికి వచ్చింది. పన్నెండింటిలో లావుపాటి గడ పడవ అంచు మీద ఉంది. దాని మీద చెయ్యి వేసి చూస్తోంది. రెండో చెయ్యి కూడా గడ కిందుగా లాగి ఉమామహేశ్వరరావు బేడీలు వేశాడు. గడను కౌగిలించుకున్నట్టు ఉండిపోయింది.

"మాస్టారూ, ఇదేం సరసం?"

అతను ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీశాడు. మూత తిప్పితే టైమ్ పెన్సిల్, మందును గడువు పెట్టి పేల్చేది. లోపలి యాసిడ్ తీగను కొరికేయడానికి పది నిమిషాలు పడుతుంది. ఆమె కళ్లెదుటే దాన్ని నొక్కి పగలగొట్టి, గడ కొసన లక్క ముద్ర గీకేసి, లోపలి గొట్టంలోకి జారవిడిచాడు. అది అడుగుకంటా పోయింది.

"సబ్‌మెరీన్ ఎక్కడికొస్తుంది?"

ఆమె నవ్వింది. రెండు నిమిషాలు నవ్వింది. నాలుగో నిమిషంలో బతిమాలింది. ఆరో నిమిషంలో మణికట్లు చీరుకుపోయేలా గుంజుకుంది. అతను ఎదురుగా కూర్చుని గడియారం చూస్తున్నాడు. మందు తడిసిందని ఆమెకు తెలియదు. ఆ భయం చూస్తుంటే అతనికి హాయిగా ఉంది. ఉన్న మాట చెప్పుకోవాలి.

"మా బావ కూడా ఇలాగే గింజుకున్నాడా?"

"చాలాసేపు," అంది. అబద్ధమాడే ఓపిక అయిపోయింది. "పాలకాయతిప్ప! పౌర్ణమి నాడు. ఒడ్డున మూడు లాంతర్లు పెడితే పడవ వస్తుంది. ఇక విప్పు!"

ఎనిమిదిన్నర నిమిషాలు. అప్పుడే చెయ్యి కడుక్కుంటూ గంగన్న వచ్చాడు. దృశ్యం చూసి నోరు తెరిచాడు.

"అమ్మగారిని ఆ గడకు కట్టారేంటండీ? దాన్ని గుంజితే పాడైపోద్దండి. అన్నిట్లోకీ నచ్చిన గడ అని దానికొక్కదానికే బెజ్జాలు పెట్టలేదు. పదకొండో అంతస్తు మీద జెండా కట్టడానికి దాచుకున్నాను."

ఉమామహేశ్వరరావు దిగ్గున లేచాడు. బెజ్జం లేని గడ. తను గీకేదాకా లక్క చెదరని గడ. లోపల మందు పొడిపొడిగా ఉంది. దాన్ని వెలిగించింది తనే. పడవ వెనక నలభైమంది మజ్జిగలు కలుపుకుంటున్నారు.

ఇంకా నలభై సెకన్లు. తాళం చెవి చొక్కా జేబులో ఉంది. బేడీలు విప్పడానికి పది సెకన్లు చాలు. చెయ్యి జేబు దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. రాళ్ల కింద బావ ముఖం ఎలా ఉందో రాజ్యలక్ష్మికి అతను ఇంకా చెప్పలేదు.

"గంగన్నా, ఆ కొస పట్టు. నీళ్లలోకి!"

"అమ్మగారో?"

"పట్టమన్నానా!"

ఇందిర అరిచిన అరుపు మొత్తం బయటికి రాలేదు. గడ రాయి పెట్టకుండానే మునిగింది. తెడ్లు పడ్డాయి, పడవ అవతలి గట్టుకు దూసుకుపోయింది. కాలవ తాటిచెట్టంత ఎత్తు లేచి కూలబడింది. కూలీల నెత్తిన బురద, చచ్చిన చేపలు పడ్డాయి. ఒక్క కూలీకీ గాయం కాలేదు. గంగన్న ఉమామహేశ్వరరావు ముఖం కేసి చూడకుండా, జెండాకు వేరే గడ వెతుక్కోవాలని మాత్రం అన్నాడు.

పౌర్ణమి నాడు పాలకాయతిప్పలో మూడు లాంతర్లు వెలిగాయి. దిగిన నలుగురిలో ముగ్గురు దొరికారు. నాలుగోవాడిని ప్రాణాలతో పట్టుకోవాలని ఎవరూ పెద్దగా ప్రయత్నించలేదు. మద్రాసు మేడకు ఎనిమిదో అంతస్తు స్లాబు పడింది.

ఉప్పు కొఠారు గదిలో చీఫ్ రిపోర్టు చదివాడు. తర్వాత ఏజెంటు తిరిగి అప్పగించిన సామాను సరిచూశాడు. పిస్తోలు ఉంది. బేడీలు లేవు. బేడీల తాళం చెవి ఉంది.

"తాళం చెవి సమయానికి దొరకలేదని రాశావు."

"రాశానండి."

"చివరికి ఎక్కడ దొరికింది?"

"జేబులోనేనండి."

చీఫ్ చిటికెడు నశ్యం పీల్చి, తాళం చెవిని సొరుగులో వేసి మూశాడు.

"ఈసారి నుంచి రెండూ పారెయ్యి. జత తప్పితే ఆడిట్‌లో అడుగుతారు."