మట్టెవాడ నడిమి గోడ

మట్టెవాడల ఆ గోడ దిక్కు చీకటి పడ్డంక ఎవ్వరూ పోయెటోళ్లు కాదు. సెకండ్ షో సినిమా చూసొచ్చెటోళ్లు గూడ ఆ సందు మొగదలకు రాంగనే బీడీ ముట్టించుకొని, గట్టిగ మాట్లాడుకుంట, జల్ది జల్ది దాటిపోయెటోళ్లు. గోడల నుంచి చప్పుడొస్తదని దానికి పేరు. లోపల ఎవరో కూసొని మెల్లగ తడుతున్నట్టు... టక్... టక్...

ఇది నాకు యాకయ్య మేస్త్రి చెప్పిన ముచ్చట. ఆ ఇంటి పని పట్టింది ఆయనే.

గోడ పెట్టించింది గట్టయ్య అనే ముసలాయన. ఒక్కటే ఇల్లు, ఇద్దరు కొడుకులు. వాళ్లకు ఒకరంటే ఒకరికి పడకపోతె, ఇంటికి నడుమ మట్టిగోడ లేపిచ్చిండు. గోడ తడి ఆరకముందే దానికి ఒరిగి కూసున్నోడు కూసున్నట్టే పోయిండట. కొడుకులు చెరో సగం అమ్ముకొని ఎల్లిపోయిన్రు.

ఒక సగం బియ్యం మిల్లుల గుమస్తా నర్సయ్య కొన్నడు. రెండో సగం దవాఖానల కంపౌండరు దేవదానం కొన్నడు. గోడ ఎవరికి చెందుతదో మాత్రం ఏ కాయితంల సక్కగ లేదు. అది ఇంక గట్టయ్య పేరు మీదనే ఉన్నదని వాడకట్టోళ్లు అనుకునేటోళ్లు.

డెబ్బై తొమ్మిదిల, వానలు పడే ముందు, నర్సయ్య పైన ఒక అర్ర, పండుకునే గది, వేద్దామనుకున్నడు. యాకయ్యను పిలిచిండు. యాకయ్య గోడను గోటితోటి గీకి చూసిండు.

"నర్సన్నా, ఇది నడిమి గోడ. అవుతలాయన ఇంటి కప్పు గూడ దీని మీదనే ఉన్నది. నీ దూలం గోడల సగం మందం దాంకనే పెట్టుకోవాలె. ముట్టుకునే ముందు ఆయనకు చెప్పి, కాయితం రాసియ్యి. ఆయన దిక్కు పగిలితె నువ్వే బాగుచెయ్యాలె."

"అడుగుడేంది?" అన్నడట నర్సయ్య. "అడిగితె గోడ ఆయనదైతది."

అవుతల దేవదానం తక్కువోడేం కాదు. నర్సయ్య వాకిట్ల ఇటుకలు దిగుడు చూసిండు. ఆ రాత్రే పెండ్లాం విమలతోటి గుసగుసగ చెప్పిండు.

"ఆయన దూలాలు పెట్టకముందే మనం గోడల అల్మారి తొలుచుకోవాలె. ఎంత లోతు పోతె అంత మనది."

ఇగ మొదలైంది.

నర్సయ్య తన పెండ్లాం అనసూయ పండుకున్నంక లేచి, సుత్తెకు గోనెపట్ట చుట్టి, ఉలి పట్టుకొని, దూలానికి బొక్క తొలుస్తందుకు బల్ల ఎక్కేటోడు. రెండు దెబ్బలు కొట్టేటోడు. ఆగి చెవులు రిక్కించి వినేటోడు.

ఒకనాటి రాత్రి... గోడ లోపల నుంచి రెండు దెబ్బలు.

మూడు కొట్టిండు. మూడు వచ్చినయి.

 ఉలి ఆడనే పారేసి, పోయి దుప్పటి మునుగుదన్నిండు. దుప్పట్ల గూడ చప్పుడు వినబడ్తనే ఉన్నది.

తెల్లారి నల్లాకాడ దేవదానం కనబడ్డడు. ఆయన కండ్లు గూడ ఎర్రగనే ఉన్నయి.

"దేవదానం సారూ, రాత్రి ఏమన్న చప్పుడైందా?"

"లేదే నర్సన్నా. తొమ్మిదింటికే పండుకున్న... మీకేమన్న వినబడ్డదా?"

"నాకేం వినబడ్తది. నేను గూడ అప్పుడే పండుకుంటి."

బిందెలు ఎత్తుకొని ఎవరింటికి వాళ్లు పోయిన్రు. ఇద్దరికీ ఒక్కటే అనుమానం. పక్కింటాయన పండుకుంటే... మరి కొట్టిందెవరు?

నర్సయ్య గోడకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టిండు. దేవదానం ఇంట్ల రెండు రాత్రులు ప్రార్థన పెట్టించిండు. పని మాత్రం ఇద్దరూ ఆపలే. దెయ్యం భయం ఒక దిక్కు, జానెడు గోడ పోతదన్న భయం ఒక దిక్కు. రెండో భయమే పెద్దగున్నది.

అమాస రాత్రి. పొద్దుగూకంగ మొదలైన వాన ఆగలే. గోడ నాని మెత్తవడ్డది. నర్సయ్య తొలిచిన బొక్క మోచేతి లోతు అయింది. యాకయ్య చెప్పిన సగం ఎప్పుడో దాటిపోయిండు.

చప్పుడు ఇప్పుడు చెవి పక్కనే వస్తాంది. ఈయన ఆపిండు. అదీ ఆగింది.

వదులైన మట్టి తీద్దామని నర్సయ్య బొక్కల చెయ్యి పెట్టిండు. ఇంకా లోపలికి... ఇంకా...

మట్టి ఉండాల్సిన కాడ మట్టి లేదు. ఎచ్చగ ఏదో తగిలింది.

ఐదు వేళ్లు. గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నయి.

 గోడ లోపల నుంచి సన్నగ, వణుక్కుంట మాట వచ్చింది—

"యేసయ్యా... యేసయ్యా... కాపాడు..."

అంత భయంల గూడ నర్సయ్యకు అనుమానమొచ్చింది. గట్టయ్య ఎప్పుడు మతం మారిండు?

"...దేవదానం సారూ?"

అవుతల ప్రార్థన నడుమల్నే ఆగింది.

"...నర్సన్నా?"

"మీరు పండుకోలేదా?"

"మీరో?"

వదులుదామనుకునేలోపు మీద నుంచి మట్టి జలజల రాలింది. గోడ లోపల ఏదో కిర్రుమన్నది. చెరో దిక్కు తొలిచి తొలిచి గోడల సత్తువ లేకుంట చేసిన్రు. నర్సయ్య ఇవుతల భుజం ఆనిచ్చిండు. దేవదానం అవుతల వీపు ఆనిచ్చిండు.

"విమలా, పిల్లల్ని తీస్కొని బయటికి పో," అని దేవదానం అంటాంటే ఆయన గొంతుల ఏడుపు వినబడ్డది. పిల్లలు ఆ గోడ పక్కనే పండుకున్నరు.

అనసూయ ఆ వానల్నే యాకయ్య ఇంటికి ఉరికింది. ఇద్దరు మొగోళ్లు మాత్రం కదలడానికి లేదు. ఎవరు పక్కకు జరిగినా గోడ వాళ్ల దిక్కే వస్తది.

"జర గట్టిగ పట్టుకోర్రి సారూ."

"మీరు ఎక్కువ నూకకుర్రి నర్సన్నా, నా మీద పడ్తది."

యాకయ్య ముగ్గురు మనుషులతోటి, మొద్దులతోటి వచ్చి, రెండు దిక్కుల ఊతలు పెట్టేసరికి తెల్లారింది. ఇద్దరూ నడుములు పట్టుకొని వాకిట్ల కూలబడ్డరు. నెత్తి నుంచి కాళ్ల దాంక మట్టే. పొద్దుగాల పాలు తెచ్చే సోమక్క వాళ్లను చూసి చెంబు ఆడనే పెట్టి ఉరికింది.

యాకయ్య ఊతకట్టె మీద చెయ్యి పెట్టి అడిగిండట.

"ఈ గోడ ఇగ నిలవది. మళ్ల పునాది నుంచి లేపాలె. ఇంతకు గోడ ఎవరిది, పైసలెవరిస్తరు?"

"సారుదే," అన్నడు నర్సయ్య. "మొదటి నుంచి ఆయనదే."

"ఎంత మాట," అన్నడు దేవదానం. "నర్సన్నదే. నేను ఒక్కనాడన్న నాదన్ననా?"

"మంచిది," అన్నడు యాకయ్య. "ఎవరిదీ కాని గోడకు నా మొద్దులెందుకు? తీసేస్త."

కట్టె జరంత కదిలింది. మీది నుంచి ఒక మట్టిపెడ్డ రాలింది.

"ఇద్దరిది," అన్నరు ఇద్దరూ ఒక్కసారే.

గోడ ఇద్దరిదని కాయితం మీద రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టేదాంక యాకయ్య ఊత మీద నుంచి చెయ్యి తియ్యలేదట.